వేరే దేశం వెళ్లి పేద పిల్లలతో వాలంటీరింగ్ చేద్దామనుకుంటున్నారా, టికెట్ బుక్ చేసేముందు ఇవి చూసుకోండి

ముందు ఒక చిన్న టెస్ట్ చెప్తా. మీకు నచ్చిన ప్రోగ్రామ్‌కి ఒక మెయిల్ పెట్టండి, "వచ్చే వారమే వస్తా, రెండు వారాలు పిల్లలతో ఉంటా, నాకు పెద్దగా అనుభవం లేదు" అని. సాయంత్రానికల్లా "వెల్‌కమ్, ఫీజు ఈ అకౌంట్‌లో వేయండి" అని రిప్లై వస్తే ఆ చోటు వదిలేయండి. మిమ్మల్ని అంత ఈజీగా రానిచ్చినవాళ్లు ఎవర్నైనా అంతే ఈజీగా రానిస్తారు కదా, పిల్లల జోలికి వచ్చే దుర్మార్గుడిని కూడా. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగి, ఇద్దరి రిఫరెన్స్ తీసుకుని వాళ్లకి నిజంగానే ఫోన్ చేసి, వీడియో కాల్‌లో గంటసేపు ఇంటర్వ్యూ చేసి, పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకూడదు లాంటి రూల్స్ ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకుని మిమ్మల్ని విసిగించారంటే, అదే మంచి చోటు.

రెండోది, ఇందులో బేరాల్లేవు: అనాథాశ్రమానికి వెళ్లొద్దు. తెలుసు, మనసులో మొదట మెదిలేది అదే. కానీ పిల్లల కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ సేవ్ ది చిల్డ్రన్ 2009లోనే చెప్పింది, ఇలాంటి సంస్థల్లో ఉండే పిల్లల్లో ఐదుగురిలో కనీసం నలుగురికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని. మరి వాళ్లు అక్కడికి ఎలా చేరారు? ఇల్లు గడవక, చదువు చెప్పిస్తామంటే నమ్మి తల్లిదండ్రులే పంపిస్తారు, కొన్నిచోట్ల బ్రోకర్లు ఊళ్లమీద పడి తీసుకెళ్తారు. కంబోడియాలో 2005 నుంచి 2010 లోపు ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది, అలాగని అనాథలు అంత పెరిగారా అంటే లేదు, పెరిగింది టూరిస్టులు, వాళ్లిచ్చే డొనేషన్లు. నేపాల్లో కూడా ఎక్కువ భాగం ఆశ్రమాలు ఖాట్మండు, పోఖరా వైపు టూరిస్టులు తిరిగే నాలుగైదు జిల్లాల్లోనే కనిపిస్తాయి. ఆస్ట్రేలియా అయితే 2018లో మోడరన్ స్లేవరీ (ఈ కాలపు బానిసత్వం) మీద చట్టం తెచ్చినప్పుడు ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా ఆ లెక్కలోనే చూసింది. మీరు కట్టే ఫీజే పిల్లని ఇంటి నుంచి దూరం చేస్తుందన్నమాట.

అందుకని సాయంత్రం పిల్లలు వాళ్ల ఇంటికి వాళ్లు వెళ్లిపోయే చోటు వెతకండి. బడి, ట్యూషన్ సెంటర్, లైబ్రరీ, తల్లులకి పని నేర్పించే చోటు, ఇలాంటివి.

వెళ్లి ఏం చేస్తారనేది ఇంకో ప్రశ్న. దీన్ని నేను నా సొంత తప్పు నుంచే నేర్చుకున్నా. మొదటిసారి మూడు వారాలకని వెళ్లినప్పుడు ఒక పాప నోట్‌బుక్ తెరిచి చూశా, మొదటి పేజీలో "మై నేమ్ ఈజ్", నాలుగు పేజీల తర్వాత మళ్లీ "మై నేమ్ ఈజ్", ఇంకో ఐదు పేజీలకి మళ్లీ అదే, పైన తేదీలు మాత్రం వేరే, దిద్దిన చేతిరాత వేరే. నాకు ముందు వచ్చిన ప్రతివాళ్లూ మొదటి నుంచే మొదలుపెట్టారు. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే ఆ రోజు నేను ప్రిపేర్ చేసుకెళ్లిన లెసన్ కూడా అదే. ఆ పాప ఏమీ అనలేదు, బుద్ధిగా మళ్లీ రాసింది, మధ్యలో నన్ను ఇంకెవరి పేరుతోనో పిలిచింది.

కాబట్టి క్లాసు మీరు తీసుకోకండి, అక్కడి టీచర్ తీసుకుంటుంటే పక్కన ఉండండి. ఆవిడకి భాష వచ్చు, పిల్లల ఇళ్లు తెలుసు, వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. మీకు అకౌంట్స్ వచ్చా, కంప్యూటర్ రిపేర్ వచ్చా, ఫిజియోథెరపీ వచ్చా, అది స్టాఫ్‌కి నేర్పించండి. మీ ఊళ్లో డిగ్రీ లేకుండా మిమ్మల్ని ఏ పని చేయనివ్వరో, అక్కడ కూడా ఆ పని చేయకండి, ఇంజెక్షన్ ఇవ్వడం, కౌన్సెలింగ్ చేయడం లాంటివి. టైమ్ కూడా చూసుకోండి, పిల్లలతో నేరుగా ఉండే పనికి రెండు వారాలు దేనికీ చాలవు, అంతే టైమ్ ఉందంటే స్టాఫ్‌కి ఉపయోగపడే పని అడగండి.

ఫీజు గురించి మొహమాటపడకుండా అడగండి: నేను కట్టేదాంట్లో మీ ఆఫీసుకెంత, నా తిండికీ వసతికీ ఎంత, అక్కడి బడికెంత? అంకెలు చెప్పకుండా "అంతా పిల్లల కోసమే" అన్నారంటే డౌటే. అసలు ఫీజు లేని దారులూ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం, 1970లో పెట్టింది, ఫీజు తీసుకోదు, ఫీల్డ్‌లోకి పంపించినవాళ్లకి ఖర్చులకి అలవెన్స్ ఇస్తుంది, అందుకే సెలక్షన్ కూడా గట్టిగానే ఉంటుంది. 18 నిండాలి. వాళ్ల ఆన్‌లైన్ వాలంటీరింగ్ అయితే ఇంట్లో కూర్చునే చేయొచ్చు, ట్రాన్స్‌లేషన్, డిజైన్ లాంటివి, చాలామందికి ఇదే కరెక్ట్ అని నా అభిప్రాయం.

వీసా విషయంలో ఏజెంట్ మాట నమ్మి "టూరిస్ట్ వీసా చాల్లే" అనుకోవద్దు. నేపాల్లాంటి చోట్ల జీతం లేకపోయినా టూరిస్ట్ వీసా మీద పనిచేయడం రూల్స్‌కి విరుద్ధం. ఎంబసీనే అడగండి. టీకాల కోసం కనీసం ఆరు వారాల ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. యెల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా సర్టిఫికెట్ అడిగే దేశాలు చాలానే ఉన్నాయి, అది సూది వేసుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, కానీ ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది.

ఫొటోలు... పిల్లల మొహాలు మీ స్టేటస్‌లో పెట్టకండి, అంతే. చాక్లెట్లు, బొమ్మలు చేతికివ్వకండి, తెచ్చినవేవైనా ఉంటే బడికి ఇవ్వండి, వాళ్లు పంచుకుంటారు.

చివరగా, వెళ్లిపోయే తేదీ మొదటి రోజే పిల్లలకి చెప్పేయండి, గోడమీద క్యాలెండర్ ఉంటే దానిమీద గుర్తు పెట్టండి. "మళ్లీ వస్తా" అనొద్దు, టికెట్ చేతిలో ఉంటే తప్ప. ఇంకా ఒక నోట్‌బుక్ కొని టీచర్ టేబుల్ మీద పెట్టి వెళ్లండి, ఏ పిల్లాడు ఎక్కడిదాకా వచ్చాడు, ఎవరికి కూడికలు వచ్చాయి, ఎవరికి అక్షరాలే ఇంకా కుదర్లేదు, అన్నీ రాసి. నేను రెండోసారి వెళ్లిన చోట అలాంటిదొకటి దొరికింది, నాకు ముందున్నవాళ్లు రాసింది, మొదటి లైనే "పేర్లు చెప్పించొద్దు, అందరికీ వచ్చు".