కొత్త ఓటర్ల నమోదుకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

నెల్లూరు జిల్లా యానాది కాలనీలకు, తీరప్రాంత మత్స్యకార పల్లెలకు వెళ్లేవారు ముందుగా ఆ పోలింగ్ కేంద్రం బూత్ స్థాయి అధికారిని కలిసి, తాజా జాబితాలో ఎవరెవరి పేర్లు ఉన్నాయో సరిచూసుకోవాలి. కొత్తగా చేరేవారికి ఫారం 6, ఇల్లు మారినవారికి ఫారం 8 వర్తిస్తాయి. ఇవి తారుమారైతే ఒకే మనిషికి రెండుచోట్ల ఓటు నమోదయ్యే ప్రమాదముంది, అది చట్టవిరుద్ధం.

వయసును జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 తేదీలను బట్టి లెక్కిస్తారు; పదిహేడేళ్లు నిండినవారు ముందస్తుగా దరఖాస్తు చేసుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ నివాస రుజువు లేనివారిపై పెట్టాలి. రొయ్యల చెరువుల వద్ద, కాలువ గట్లపై తలదాచుకునే కుటుంబాలకు కాగితం లేదన్న కారణంతో ఓటు నిరాకరించడం అన్యాయం. నిలువ నీడ లేనివారు రాత్రి నిద్రించే చోటికి అధికారే వచ్చి నిర్ధారించుకోవాలని ఎన్నికల సంఘం నిబంధనలే చెబుతున్నాయి కనుక, ఆ చోటును దరఖాస్తులో స్పష్టంగా రాయించాలి.

ఎవరి సంతకమూ మరొకరు పెట్టకూడదు. తప్పుడు ప్రకటనకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆధార్ ప్రతులను మన దగ్గర ఉంచుకోకూడదు, రుసుము అడగకూడదు, పార్టీ కండువాతో వెళ్లకూడదు. సందేహాలుంటే 1950 నంబరుకు ఫోన్ చేయాలి.