దీవి ఊళ్ల పంచాయతీ మీద డాక్యుమెంటరీ తీయాలంటే

కెమెరా పట్టుకుని నేరుగా సర్పంచ్ ఇంటికి వెళ్లకండి. ముందు పల్లిసభ ఎప్పుడో కనుక్కోండి, ఒడిశాలో ఊరి స్థాయిలో జరిగే సభ అది, అసలు గొడవలన్నీ అక్కడే బయటపడతాయి. బలిమెల జలాశయం నీళ్లు చుట్టుముట్టి దశాబ్దాల పాటు దీవుల్లా మిగిలిన మా మల్కనగిరి జిల్లా ఊళ్లకు 2018లో గురుప్రియ వంతెన వచ్చింది కదా, అందుకే పడవ రోజులు చూసిన పెద్దాయన్నీ, ఇప్పుడు బైక్ మీద పంచాయతీ ఆఫీసుకెళ్లే కుర్రాణ్నీ ఇద్దరినీ మాట్లాడించండి. వాళ్లు మాట్లాడేది దేశియా, కాగితాల్లో ఒడియా, మనకొచ్చింది తెలుగు. ఆ భాషలు తెలిసినవాళ్లు పక్కన లేకపోతే టెన్షనే. తీర్మానాల పుస్తకంలో వేలిముద్ర వేసి, సిరాను చీరచెంగుకు తుడుచుకునే చేతిని దగ్గరగా తీయండి. మైకుకు మాత్రం గుడ్డ చుట్టండి. నేను మర్చిపోయి సభంతా గాలి చప్పుడే రికార్డు చేసుకొచ్చా.