ఫోర్డ్ మోడల్ టీ: ఏ చప్పుడు దేనిది?

1908 నుంచి 1927 దాకా తయారైన ఈ బండి ఎప్పుడూ ఏదో ఒక రొద చేస్తూనే ఉంటుంది. చెక్కపెట్టెలో స్పార్క్ పుట్టించే నాలుగు కాయిల్స్ తుమ్మెదల్లా జుమ్మంటాయి, లో గేరు మూలుగుతుంది. వాటి జోలికి పోకండి. పట్టించుకోవాల్సినవి ఇవీ.

ఎత్తు ఎక్కుతుంటే టింగుటింగు

స్టీరింగ్ కింద ఎడమ పక్కన, స్పార్క్ ఎప్పుడు పడాలో మార్చే మీటను కాస్త పైకి జరపండి. చప్పుడు ఆగిపోతే స్పార్క్ మరీ ముందే పడుతోందన్నమాట. రెంచి ముట్టుకోకుండానే పని అయిపోయింది. ఆగకుండా, ఇంజను వేడెక్కేకొద్దీ ఎక్కువవుతుంటే సిలిండర్ హెడ్‌లో మసి పేరుకుంది. హెడ్ విప్పి గీకాలి.

వేగంలో ఉండగా థ్రాటిల్ మూస్తే టకటక

సుమారు 25 మైళ్ళ వేగం అందుకుని థ్రాటిల్ ఒక్కసారిగా మూయండి. దూరంగా ఎవరో చిన్న సుత్తితో ఇనుము కొడుతున్నట్టు వినిపిస్తే అనుమానం కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను ఇంజను ఇరుసుకు కలిపే కడ్డీ) మీదే. ఏ సిలిండరుదో తేల్చడానికి ఈ బండిలో భలే సదుపాయం ఉంది. ఇంజను తిరుగుతుండగా కాయిల్స్ మీద అదిరే స్ప్రింగు పలకలను ఒక్కొక్కటిగా వేలితో నొక్కిపట్టండి. నొక్కిన సిలిండరుకు స్పార్క్ ఆగుతుంది. దేన్ని నొక్కితే చప్పుడు తగ్గుతుందో దోషి అదే.

ఎక్కువసార్లు అది అన్నిటికంటే ముందున్న మొదటి సిలిండరే అవుతుంది. ఈ ఇంజనుకు ఆయిల్ పంపు లేదు. ఫ్లైవీల్ చిమ్మిన నూనె ఒక గొట్టం గుండా ముందుకు పోయి, అక్కణ్ణుంచి వెనక్కి పారుతుంది. నిట్టనిలువు ఎత్తుల్లో ముందు రాడ్డుకు నూనె అందదు. రాడ్డును ఇరుసుకు పట్టి ఉంచే క్యాప్ విప్పి, ఆకురాయితో కొద్దికొద్దిగా రాసి సందు తగ్గించండి. బేరింగ్ లోహం పగిలి ఉంటే మాత్రం కొత్తగా పోయించాల్సిందే. నూనె మట్టం ఎప్పుడూ ఇంజను అడుగు పెట్టె, అంటే క్రాంక్‌కేస్ మీది రెండు కుళాయిల మధ్య ఉండాలి.

బరువు లాగేటప్పుడు లోతుగా దబ్బుదబ్బుమంటే అది ఇంజను ఇరుసును మోసే మెయిన్ బేరింగ్. ఇంజను దించక తప్పదు.

వెనకనుంచి సన్నని గరగర

నా లెక్కలో అన్నిటికంటే భయపడాల్సింది దీనికే, చప్పుడు చిన్నదైనా. వెనక యాక్సిల్‌లో పాతకాలపు మెత్తటి లోహపు థ్రస్ట్ వాషర్లు (పళ్ళచక్రం పక్కకు జరగకుండా ఆపే బిళ్ళలు) పొడిపొడి అయిపోతాయి. అప్పుడు పెద్ద పళ్ళచక్రం పక్కకు జరిగి, తనను తిప్పే చిన్న పళ్ళచక్రమైన పినియన్‌ను వదిలేస్తుంది. కాలిబ్రేకు గేరుబాక్సులోనే పనిచేస్తుంది కాబట్టి, ఈ పళ్ళ పట్టు తప్పడంతోపాటే బ్రేకూ పోతుంది! ఇక మిగిలేది వెనక చక్రాలను పట్టే చేతిమీట ఒక్కటే. యాక్సిల్ నూనె తీసి చూడండి. వెండిరంగు ముక్కలు కనిపిస్తే బండి ఇల్లు దాటొద్దు, కంచు వాషర్లు వేసేదాకా.

కదిలినప్పుడు, ఆగినప్పుడు ఒక్క టక్కు

వెనక చక్రం నడిమి భాగం, అంటే హబ్, వదులైంది. నట్టు బిగించండి. తగ్గకపోతే హబ్ లోపల అరిగింది, షిమ్ (సన్నని రేకు) వేయాలి. అలాగే నడిపితే హబ్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే కీ (చిన్న ఇనుప చీల) తెగుతుంది.

చక్రాల కిర్రుకిర్రు

చెక్క ఆకులు ఎండి కుంచించుకుపోయాయి. రాత్రంతా నీళ్ళలో నానబెడితే చప్పుడు ఆగుతుంది కానీ, ఆరగానే మళ్ళీ మొదలు. పైగా చెక్క కుళ్ళుతుంది. ఆకు చేతికి కదులుతుంటే చక్రం కొత్త ఆకులతో కట్టించండి.