అడ్మిన్ అకౌంట్‌లో నెట్ వస్తుంది, పిల్లల అకౌంట్‌లో రాదు: ఏం చేయాలి?

ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. నాన్న అకౌంట్‌లో నెట్ చక్కగా వస్తుంది, అమ్మాయి తన అకౌంట్‌లోకి వెళ్తే ఒక్క పేజీ తెరుచుకోదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, అమ్మాయి అకౌంట్‌ను కూడా అడ్మినిస్ట్రేటర్‌గా మార్చేయడం. దయచేసి ఆ పని చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే ముందు వెనక్కి మార్చండి. విండోస్‌లో స్టాండర్డ్ అకౌంట్‌కు, అంటే అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు అకౌంట్‌కు, నెట్ వాడుకునే వీలు పూర్తిగా ఉంటుంది. దానికి లేనిది కంప్యూటర్ మొత్తానికి వర్తించే మార్పులు చేసే అధికారం మాత్రమే. అధికారం తక్కువైనందువల్ల నెట్ ఆగదు. ఆ అకౌంట్‌లో ఎక్కడో ఒక సెట్టింగ్ తప్పుగా ఉన్నందువల్ల ఆగుతుంది. అడ్మిన్ హోదా ఇచ్చినా ఆ సెట్టింగ్ అలాగే ఉంటుంది, పైగా పిల్లలు ఏ ఆట డౌన్‌లోడ్ చేసినా కంప్యూటర్ మొత్తం దాని చేతిలోకి పోయే ప్రమాదం కొత్తగా వస్తుంది.

కావలసినవి

రెండు అకౌంట్ల పాస్‌వర్డ్‌లు, అరగంట తీరిక. ఇక్కడ చెప్పేది విండోస్ 10, 11 రెండింటికీ పనికొస్తుంది. మెనూల పేర్లు కొద్దిగా అటూ ఇటూగా ఉంటాయి, అంతే.

మొదట: తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

అడ్మిన్ అకౌంట్‌లో, ఈ మధ్య చూడని వెబ్‌సైట్ ఒకటి తెరవండి. చూసిన సైటైతే పాత కాపీ చూపించి మోసం చేస్తుంది. తర్వాత పిల్లల అకౌంట్‌లోకి వెళ్లి అదే సైటు తెరవండి. ఒక దాంట్లో వచ్చి రెండో దాంట్లో రాకపోతే కేబుల్, రూటర్, కనెక్షన్ ఇచ్చినవాళ్లు అందరూ నిర్దోషులే. రూటర్‌కు కనిపించేది కంప్యూటర్ మాత్రమే, అందులో ఎవరి అకౌంట్ తెరిచి ఉందో దానికి తెలియదు. కాబట్టి రూటర్‌ను ఆపి మళ్లీ వేయడం, కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి కోప్పడడం రెండూ దండగే.

తర్వాత పింగ్ పరీక్ష

పిల్లల అకౌంట్‌లోనే స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పింగ్ అంటే అవతలి కంప్యూటర్ జవాబిస్తుందో లేదో చూసే చిన్న కమాండ్. ఇంగ్లిషు అక్షరాల్లో ping అని టైప్ చేసి, ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టి ఎంటర్ నొక్కండి. అది గూగుల్ నడిపే సర్వర్ చిరునామా. నాలుగు వరుసల్లో జవాబు వచ్చిందంటే నెట్ ఆ అకౌంట్ దాకా వస్తున్నట్టే, ఆగుతున్నది బ్రౌజర్ దగ్గర. అప్పుడు కిందనున్న ప్రాక్సీ భాగం చదవండి. జవాబు రాకపోతే నేరుగా డయలర్ భాగానికి వెళ్లండి.

అసలు చిక్కు: ప్రాక్సీ

పింగ్ పనిచేసి బ్రౌజర్ పనిచేయకపోతే నేను మొదట అనుమానించేది ప్రాక్సీనే. బ్రౌజర్ నేరుగా నెట్‌కు వెళ్లకుండా మధ్యలో ఇంకో కంప్యూటర్ గుండా వెళ్లాలని చెప్పే సెట్టింగ్ ఇది. పింగ్ దీన్ని పట్టించుకోదు, క్రోమ్, ఎడ్జ్ పట్టించుకుంటాయి. మామూలుగా విండోస్ దీన్ని ఒక్కో అకౌంట్‌కు విడిగా దాచుకుంటుంది. కాలేజీలో పెట్టిన ప్రాక్సీ తీయడం మరిచిపోయి ఉండవచ్చు. లేదా ఉచిత ఆటతో పాటు వచ్చిన చెత్త ప్రోగ్రాము తనే ప్రాక్సీగా కూర్చుని ఉండవచ్చు. యాంటీవైరస్ ఆ ప్రోగ్రామును తీసేసినా సెట్టింగ్ మిగిలిపోతుంది. లేని మనిషి కోసం బ్రౌజర్ తలుపు దగ్గరే నిలబడుతుంది.

సరిచేయడం తేలికే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, అందులో ప్రాక్సీ. చేత్తో పెట్టుకునే ప్రాక్సీ, సెటప్ స్క్రిప్ట్ ఈ రెండూ ఆఫ్‌లో ఉండాలి. దానంతటదే కనిపెట్టుకునేది ఆన్‌లో ఉన్నా ఇళ్లలో ఇబ్బంది లేదు. చిరునామా గడిలో 127.0.0.1 కనిపిస్తే అది ఈ కంప్యూటర్ సొంత చిరునామా. అంటే ప్రాక్సీగా పనిచేసే ప్రోగ్రాము ఈ కంప్యూటర్‌లోనే ఉంది, లేదా ఒకప్పుడు ఉండేది.

ఇంత తేలికైన పనిని ఎందరో పాడుచేసేది ఒకేచోట, కాబట్టి ఇది నిదానంగా చదవండి. ఈ సెట్టింగ్‌ను నెట్ రాని అకౌంట్‌లోకి లాగిన్ అయి, ఆ అకౌంట్‌గానే మార్చాలి. అడ్మిన్ అకౌంట్‌లో కూర్చుని మారిస్తే మారేది అడ్మిన్ ప్రాక్సీ. ఇంతవరకూ చాలామందికి అర్థమవుతుంది. అర్థం కానిది రెండోది: పిల్లల అకౌంట్‌లో ఉండి కూడా ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కి, అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి ఏ ప్రోగ్రామైనా తెరిస్తే, ఆ ప్రోగ్రాము నడిచేది అడ్మిన్ పేరు మీద. తెర పిల్లలదే, సెట్టింగ్‌లు మాత్రం అడ్మిన్‌వి. అద్దెకున్నవాళ్ల గదిలో బల్బు పోతే ఇంటి ఓనరు తన గదిలో బల్బు మార్చుకున్నట్టు ఉంటుంది.

ఇక్కడే ఇంకో బోల్తా. అలా పాస్‌వర్డ్ కొట్టి క్రోమ్ తెరిస్తే నెట్ వచ్చేస్తుంది, ఎందుకంటే అది అడ్మిన్ సెట్టింగ్‌లతో తెరుచుకుంది. వెంటనే ‘చూశారా, అధికారం లేకనే రాలేదు’ అని తీర్మానించి అకౌంట్‌ను అడ్మిన్‌గా మార్చేస్తారు. మార్చాక మళ్లీ రాదు. ఆ తర్వాత విండోస్ మొత్తం మళ్లీ వేయించడానికి షాపుకు మోసుకెళ్తారు. ఐదు నిమిషాల పనికి ఇంత ఊరేగింపు.

గుర్తు ఒకటి చెబుతాను. ప్రాక్సీ మార్చడానికి మామూలుగా విండోస్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. అడిగిందంటే మీరు తప్పు దారిలో ఉన్నారు. క్యాన్సిల్ కొట్టి సెట్టింగ్స్‌ను మామూలుగా తెరవండి.

ఆఫ్ చేశాక ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి వచ్చి చూడండి. ప్రాక్సీ మళ్లీ ఆన్ అయి కనిపిస్తే దాన్ని పెడుతున్న ప్రోగ్రాము ఇంకా బతికే ఉంది. దాన్ని వెతకాల్సింది కూడా ఈ అకౌంట్‌లోనే. కొన్ని ప్రోగ్రాములు అడ్మిన్ అనుమతి లేకుండా ఒక్క యూజర్ ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ అవుతాయి, అవి అడ్మిన్ అకౌంట్ జాబితాలో కనబడవు. ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితా, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా రెండూ చూసి, ఎవరూ పెట్టుకోనిదాన్ని తీసేయండి. బ్రౌజర్‌లో వీపీఎన్ (నెట్‌ను వేరే సర్వర్ గుండా తిప్పి పంపేది) ఎక్స్‌టెన్షన్ ఉంటే అదీ పోవాలి. పిల్లల బ్రౌజర్‌లో ఉచిత వీపీఎన్ ఎందుకు ఉండకూడదో నేను వాదించను, ఉండకూడదు అంతే.

ఫైర్‌ఫాక్స్‌కు మాత్రం సొంత ప్రాక్సీ సెట్టింగ్ ఉంటుంది. అది విండోస్ మాట వినాలని పెట్టి ఉందో లేదో దాని సెట్టింగ్‌లలోనే చూడాలి.

ఎడ్జ్ పనిచేసి క్రోమ్ పనిచేయకపోతే

ఆ అకౌంట్ మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో ఉందేమో చూడండి. అందులో వెబ్ ఫిల్టర్ వేస్తే వడపోత ఎడ్జ్‌లోనే జరుగుతుంది, తక్కిన పేరున్న బ్రౌజర్లను అది ఆపేస్తుంది. ఇది లోపం కాదు. అమ్మానాన్నల్లో ఎవరో ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయారు, అంతే. వాళ్ల ఫోన్లో మార్చుకోవచ్చు. నన్నడిగితే ఫిల్టర్ ఉంచి ఎడ్జ్ వాడించండి.

పింగ్ కూడా రాకపోతే: డయలర్

మన ఊళ్లలో కేబుల్ ఆపరేటర్ ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్ చాలాచోట్ల యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో డయల్ అవుతుంది. అలా డయల్ చేసే కనెక్షన్‌ను, అంటే డయలర్‌ను, కంప్యూటర్‌లోనే పెట్టి ఉంటే సమస్య రెండు రకాలుగా వస్తుంది. తయారుచేసేటప్పుడు ఇతరులూ వాడుకోవచ్చని చెప్పే గడిలో టిక్ పెట్టరు, దాంతో అది ఒక్క అకౌంట్‌కే దక్కుతుంది. టిక్ పెట్టినా, డయల్ చేసినవాళ్లు సైన్ అవుట్ కాగానే కనెక్షన్ తెగిపోతుంది.

మళ్లీ తయారుచేసి టిక్ పెట్టవచ్చు, కానీ నేను ఆ పని చేయను. ఐడీ, పాస్‌వర్డ్ రూటర్‌లో పెట్టించండి. అప్పుడు ఏ అకౌంట్ అయినా, ఫోన్ అయినా డయల్ చేయాల్సిన పనే ఉండదు. వైఫై అయితే, అడ్మిన్ తన ఒక్క అకౌంట్‌కే ఆ నెట్‌వర్క్‌ను దాచుకున్నాడేమో చూడాలి. పిల్లల అకౌంట్‌లో వైఫై పాస్‌వర్డ్ ఒకసారి కొడితే సరిపోతుంది. డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఉంటే అందులోని పిల్లల నియంత్రణ కూడా చూడండి. అది అకౌంట్‌ను బట్టి నెట్ ఆపగలదు.

నెట్‌వర్క్ రీసెట్ బటన్ జోలికి వెళ్లకండి. అది కంప్యూటర్ మొత్తానికి నెట్‌వర్క్ అడాప్టర్లను తీసి మళ్లీ పెడుతుంది. చెడింది ఒక్క అకౌంట్ అయినప్పుడు, బాగున్న అకౌంట్‌ను కూడా కెలకడం దేనికి?

ఏదీ కుదరకపోతే

అడ్మిన్ అకౌంట్ నుంచి కొత్త స్టాండర్డ్ అకౌంట్ ఒకటి తెరిచి చూడండి. అందులో నెట్ వస్తే పాత ప్రొఫైల్, అంటే పాత అకౌంట్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు, పాడైందని అర్థం, దాన్ని బాగుచేస్తూ కూర్చోకండి. బుక్‌మార్కులు ఎగుమతి చేసుకుని, ఫైళ్లు కొత్తదానికి మార్చుకోండి. పాత అకౌంట్‌ను మాత్రం నెల రోజులు ఉంచండి. డిలీట్ చేసేటప్పుడు డేటాతో సహా తీసేయమంటే డెస్క్‌టాప్ మీదున్న ప్రాజెక్టు రిపోర్టులు, డౌన్‌లోడ్స్‌లో ఉన్న హాల్ టికెట్లు కూడా దాంతోపాటే పోతాయి.