చీనీ తోటలో తిరిగిన మినీ ట్రాక్టర్ అమ్మేముందు

అనంతపురం వైపు చీనీ (బత్తాయి) చెట్ల సాళ్లలో తిరిగిన మినీ ట్రాక్టర్ అమ్మాలంటే, కడిగి తుడవడం కంటే ముందు కాగితాలు చూసుకోండి. బ్యాంకు అప్పు తీరినా ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, అలాగే ఉండిపోతుంది. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ తెచ్చి, ఫారం 35 పెట్టి తీయించాలి. ట్రాలీకి ఆర్సీ వేరు.

కొనేవాళ్లు వచ్చేముందు ఇంజిన్ వేడి చేసి పెట్టకండి. తెలిసినాయన రాగానే బానెట్ మీద చెయ్యి పెడతాడు. వెచ్చగా తగిలిందా, పొద్దున్నే స్టార్ట్ కాదేమోనని అనుమానం. ధర అక్కడే పడిపోతుంది. వెనక తగిలించే మట్టి గుల్ల చేసే రోటవేటర్ పైకెత్తి, ఇంజిన్ ఆపి, పది నిమిషాలు మీరే చూడండి. మెల్లగా కిందికి దిగుతుంటే హైడ్రాలిక్ సిలిండర్ సీలో, కంట్రోల్ వాల్వో లీకవుతోంది. సీల్ అయితే ముందే మార్పించండి. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే లోపలికి నీళ్లు చేరినట్టే. ఆయిల్ మార్చి దాచొద్దు, చెప్పి అమ్మండి.

చిన్న రోటవేటర్ పెద్ద ట్రాక్టర్ వాళ్లకు పనికిరాదు, బండితోనే ఇచ్చేయండి. ట్రాలీని విడిగా బేరం పెట్టొచ్చు. పీటీవో షాఫ్ట్ (ఇంజిన్ తిప్పే శక్తిని రోటవేటర్‌కు అందించే కడ్డీ), టాప్ లింక్ (రోటవేటర్‌ను పైన బండికి కలిపే కడ్డీ), పిన్నులు, క్లిప్పులు ఒకే గోతంలో వేసి ఉంచండి.

డబ్బు ఖాతాలో పడ్డాకే ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 నింపి సంతకం చేయండి. ఖాళీ ఫారాల మీద వద్దు. తేదీ, గంటతో డెలివరీ రసీదు రాయించుకోండి. పేరు మారకముందు ప్రమాదం జరిగితే బాధ్యత ఆర్సీలో పేరున్నవాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆర్టీవో పని కొనేవాళ్లకు వదిలేయకుండా వెంటపడి చేయించండి.