పుట్టిలో పయనం, ఇసుకలో రాత్రి
ఐదో పాఠం: మూటలు కట్టడం

పోయిన పాఠంలో పడుకునే చోటు ఎంచుకోవడం చూశాం. సుంకేసుల ఆనకట్ట దిగువన తుంగభద్రలో చూడ్డానికి అందంగా ఉన్న ప్రతి ఇసుక తిన్నె రాత్రికి పనికిరాదని, మొసళ్లు ఎండ కాచుకునే ఒడ్డును వదిలేయాలని, వెనక గట్టెక్కే దారి ఉన్న చోటే ఆగాలని చెప్పుకున్నాం. ఈ వారం సామాను. ఏమేం తీసుకుపోవాలో ఎవరినడిగినా చెప్తారు. దాన్ని ఎట్లా కట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. ఆ కట్టడం మీదే ఎక్కువసేపు కూర్చుందాం.

ముందు నాకు జరిగింది చెప్పాలి. కొన్నేళ్ల కిందట మార్గశిర మాసంలో నలుగురం ఒక తిన్నె మీద పడుకున్నాం. పడుకోబోయే ముందు నీటి అంచున ఒక కందికట్టె గుచ్చాను. రాత్రి రెండు దాటాక మెలకువ వచ్చింది. ఏ చప్పుడూ లేదు. కట్టె వైపు చూస్తే అది నీళ్లలో ఉంది, అంచు దాన్ని దాటి జానెడు ఇవతలికి వచ్చేసింది. పైన గేటు ఎత్తారో, ఎక్కడన్నా వాన పడిందో ఆలోచించే సమయం కాదది. లేచి సామాను ఎత్తుకోవాలి. ఎత్తుకోబోతే టార్చి ఎవరి సంచిలో ఉందో ఎవరికీ తెలీదు. వంట సామాన్లన్నీ ఒకే గోతంలో, నలుగురి బట్టలూ ఒకే పెద్ద బ్యాగులో పెట్టుకున్నాం. ఒకడు చెప్పుల కోసం, ఇంకొకడు తాడు కోసం ఇసుకలో వెతుకుతున్నాడు. సామాను పుట్టిలోకి, అంటే మేం వచ్చిన గుండ్రటి బుట్టపడవలోకి, చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. నీళ్లు మా పొయ్యిరాళ్ల దాకా వచ్చి ఆగాయి. ఆగాయి కాబట్టి ఈ పాఠం రాస్తున్నాను.

2009 అక్టోబరు 2న ఇదే తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చాయి. ఆ రోజు మేడ మీద గడిపినవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు, అడిగితే చెప్తారు. పైగా మనం దిగేది ఆనకట్ట కింద. సుంకేసుల దగ్గర కె.సి. కెనాల్‌కు, అంటే కర్నూలు-కడప కాలువకు, నీళ్లు మళ్లుతాయి. 1860లలో ఆ కాలువను సాగుకే కాదు, పడవలు నడవడానికి కూడా తవ్వారు. అక్కడ ఆపినన్ని నీళ్లు ఆపి, మిగిలినవి కిందికి వదులుతారు. వదిలే వేళ మన నిద్ర చూసుకుని ఉండదు.

అందుకని ఈ పాఠానికి నేను పెట్టుకున్న కొలత ఒకటే. చీకట్లో, చేత్తో తడుముకుంటూ, పది నిమిషాల్లో సామానంతా మళ్లీ పుట్టిలోకి చేరాలి. కింద చెప్పేవన్నీ ఆ పది నిమిషాల కోసమే.

పుట్టికి ఏది పడదు

పుట్టి ఎట్లా చేస్తారో తెలిస్తే సగం పాఠం దానంతటదే వస్తుంది. వెదురు దబ్బల్ని పెద్ద బుట్టలా అల్లి, బయట పట్టా కప్పి, తారు పూస్తారు. వెనకటి రోజుల్లో తోలు కప్పేవాళ్లు. మన పాదం కింద ఉండేది ఆ అల్లిక, దాని కింద వేలి మందం కూడా లేని పట్టా, దాని కింద ఏరు. మొదటిసారి నేను ఇనుప పొయ్యి తీసుకుపోతే పుట్టి నడిపే పెద్దాయన దాని మూడు కాళ్లూ తడిమి చూసి పక్కన పెట్టేశాడు.

"పుట్టికి కాళ్లుండే సామాను పడదబ్బీ. ఎత్తుకొనే రావాలంటే దాని కాళ్లకు గుడ్డలు చుట్టు, లేకుంటే నీ ఒళ్లో పెట్టుకో."

"గిన్నెలు పర్వాలేదా మామా?"

"అంచు సూడు. చేత్తో రాస్తే గీసుకునేది ఏదైనా తారును గీకుతాది."

అప్పట్నుంచి ప్రతి వస్తువు అంచునూ అరచేత్తో రాసి చూస్తాను. సత్తు గిన్నె, కత్తి, డబ్బా మూత, టిఫిన్ క్యారియరు కొక్కెం, ఏది గీసుకున్నా దానికి పాత గుడ్డ చుట్టాలి. పొయ్యి అక్కర్లేదు. ఏటిగట్టున రాళ్లకు కొదవ లేదు.

రెండో సంగతి, పుట్టి అడుగున ఎప్పుడూ కొన్ని నీళ్లు ఊరతాయి. అది చెడిపోయినట్టు కాదు, దాని తీరే అంత. కాబట్టి ఏ మూటా నేరుగా అడుగుకు తగలకూడదు. కందికట్టెల మోపు ఒకటి పరిచి దాని మీద సామాను పెడితే మూటలు తడవవు. దిగాక మోపులో పైవరస కట్టెలు పొయ్యి రాజేయడానికి పనికొస్తాయి. తిన్నె మీద దొరికే కొట్టుకొచ్చిన పుల్లలు పైకి ఎండినట్టే ఉంటాయి కానీ లోపల చెమ్మ, పొగే తప్ప మంట రాదు. నీళ్లు తోడడానికి ఒక ప్లాస్టిక్ మగ్గును చిన్న తాడుతో పుట్టి అంచుకు కట్టి ఉంచండి.

తడవకూడనివి

రాత్రి పడుకునేవి, ఒక జత పొడి బట్టలు, నిప్పు. ఈ మూడూ తడవకూడదు. మిగతావి తడిస్తే చికాకు, ఇవి తడిస్తే రాత్రి గడవదు. డిసెంబరు, జనవరిలో మన దగ్గర పగలు ఎండ చూసి మోసపోతాం. ఏటి ఒడ్డున తెల్లవారుజామున మంచు దిగితే ఇసుక కూడా ఐసులాగే ఉంటుంది.

పక్కకు నూలు బొంత వద్దు. ఇంట్లో దానంత హాయి ఇంకోటి లేదు, ఒప్పుకుంటాను. కానీ ఒక్కసారి తడిసిందంటే ఇద్దరు పట్టుకుని పిండాలి, తెల్లారేదాకా ఆరదు. మేకలకాపర్లు భుజాన వేసుకునే ఉన్ని కంబళి మేలు. కాస్త తడిసినా ఒంటికి వెచ్చదనం పూర్తిగా పోదు. కింద పరచడానికి బరకం పట్టా, దాని మీద ఈతచాప.

ఇప్పుడు కట్టే తీరు. మందంగా ఉన్న పెద్ద పాలిథిన్ కవర్లు రెండు తీసుకోండి. ఎరువుల సంచులు, పురుగుమందు కవర్లు ఎంత కడిగినా తిండికీ పక్కకూ వాడొద్దు. కంబళి మడిచి మొదటి కవర్లో పెట్టి, మోకాలితో నొక్కి గాలి తీయండి. మొత్తం తీయొద్దు. కొంత గాలి ఉంటే మూట నీళ్లలో పడినా తేలుతుంది, చేయి చాచి అందుకోవచ్చు. ఇప్పుడు కవరు మెడను తాడు పేనినట్టు మెలిపెట్టండి. మెలిక గట్టిపడి తనంతట తాను వంగే వరకు తిప్పి, దాన్ని కిందికి మడిచి, సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీని నాలుగు చుట్లు బిగించి, కొసను చివరి చుట్టు కింద దూర్చండి. ముడి వేయొద్దు. ఈ మూటను తలకిందులు చేసి, మూతి ముందు పోయేలా రెండో కవర్లోకి దించి, దాన్నీ ఇట్లాగే కట్టండి. బయటి మూతిలోంచి చుక్క దిగినా, లోపలి మూతి అవతలి పక్కన ఉంటుంది కాబట్టి దానికి దారి దొరకదు.

అగ్గిపెట్టెలు రెండు. ఒకటి గట్టి మూత ఉన్న చిన్న సీసాలో, గీసే పక్కను కత్తిరించి పుల్లలతోపాటు. రెండోది ఒంటిమీద. ఒకే చోట రెండూ పెడితే ఒకటి ఉన్నట్టే.

మనిషికో మూట

మేం చేసిన తప్పు ఇక్కడే. రకాన్ని బట్టి సామాను కట్టుకున్నాం, బట్టలన్నీ ఒకచోట, గిన్నెలన్నీ ఒకచోట. చూడ్డానికి కుదురుగా ఉంది. కానీ రాత్రి ఎవరికి ఏది కావాలన్నా అందరి మూటా విప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరి మూట వాళ్లదే. కంబళి, పొడి బట్టలు, దోమతెర, ఒక పూట తిండి, ఒక లైటు, అన్నీ ఒక మనిషి మూటలోనే. ఒక మూట ఏట్లో కలిసినా మిగతా ముగ్గురి రాత్రి చెడదు, నాలుగోవాడికి తలా కొంత ఇవ్వచ్చు.

నలుగురికీ ఉమ్మడిగా మూడే మూటలు ఉంటాయి. వంటది, మందులది, తాళ్లది. వీటిని చీకట్లో పోల్చుకోవడానికి ఒక గుర్తు పెట్టాను. ప్రతి మూట మెడకూ జానెడు తాడు వేలాడుతుంది. వంట మూట తాడుకు ఒక ముడి, తాళ్ల మూటకు రెండు, మందుల మూటకు మూడు. వేళ్లతో తడిమితే చాలు. రంగు గుడ్డలు కట్టి చూశాను, రాత్రి ఎరుపూ నలుపూ ఒక్కటే.

దోమతెరను బరువని వదిలేయొద్దు. దోమల కోసమే కాదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకే వస్తుంది. తెర అంచుల్ని చాప కిందికి దూర్చి పడుకుంటే అది లోపలికి రాలేదు. అయినా కాటు పడితే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయొద్దు. కరిచిన చోటు కదలనీయకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి బయల్దేరాలి. ఏ గట్టెక్కితే రోడ్డు దగ్గరో పగలే చూసుకోమన్నది అందుకే.

మందుల మూటలో గాయాలకు మందు, దూది, కట్టుగుడ్డ, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ఎవరికి రోజూ వేసుకునే మాత్రలుంటే అవి. అంతే.

నీళ్లూ సద్దీ

లీటరు నీళ్లంటే కిలో బరువు. నలుగురికి ఒక రాత్రికి తాగడానికి, కాస్త వంటకు ఇరవై లీటర్లు పెట్టుకుంటాను. దాన్ని ఇరవై లీటర్ల క్యానులో తీసుకుపోతే పుట్టిలో ఒకే చోట ఇరవై కిలోలు కూర్చుంటాయి, అటూ ఇటూ దొర్లుతాయి. ఐదు లీటర్ల డబ్బాలు నాలుగైతే నాలుగు పక్కలా సర్దుకోవచ్చు, ఒకటి పగిలినా మూడు మిగులుతాయి.

మొదటిసారి పోయేవాళ్లు రాత్రికి వంట పెట్టుకోకండి. చోటు చూసుకుని, పక్క పరుచుకునేసరికే పొద్దు గూకుతుంది. జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, ఉల్లిగడ్డ చాలు. రొట్టెలు పెనం మీంచి తీసి బాగా ఆరాకే గుడ్డలో చుట్టాలి. వేడిగా కవర్లో పెడితే ఆవిరి పట్టి మెత్తబడి, పొద్దుటికి వాసన వేస్తాయి. పొద్దున కావాలంటే ఉగ్గాని చేసుకోండి. బొరుగులు, మిరపకాయలు, చిన్న సీసాలో నూనె, పుట్నాల పొడి, ఒక బాణలి. ఏటి ఒడ్డున ఉగ్గాని తిన్న పొద్దు నాకు ఏ పండగ పొద్దుకూ తీసిపోదు. చేపలు పట్టినా నీటి అంచున కోసి కడగొద్దు, ఆ వాసనకు మొసళ్లు వస్తాయి.

నింపే వరస

బరువైనవి నడిమధ్యలో, కిందికి. నీళ్ల డబ్బాలు ముందు, వాటి మీద వంట మూట. మనుషుల మూటలు చుట్టూ, ఎవరిది వాళ్ల మోకాళ్ల ముందు. పుట్టికి ముందూ వెనకా లేదు, అడుగున దూలమూ లేదు, బరువు ఎటు మొగ్గితే అటే ఒరుగుతుంది. కాబట్టి మనుషులు ఎదురెదురుగా కూర్చోవాలి, నిలబడకూడదు. అందరూ ఎక్కాక పుట్టి అంచుకూ నీటికీ మధ్య మూరెడు కనిపించాలి. జానెడే కనిపిస్తే ఇద్దరు దిగి రెండో విడతలో రావాలి. దీని మీద పుట్టి నడిపేవాళ్లతో వాదన పెట్టుకోవద్దు, వాళ్లు దిగమంటే దిగాలి.

మూటల్ని అంచుకు కట్టాలి, కానీ పొట్టి తాడుతో, జారుముడితో. కొస లాగితే ఊడిరావాలి. పొడుగు తాళ్లు వదులుగా పడి ఉంటే పుట్టి తిరగబడినప్పుడు కాళ్లకు చుట్టుకుంటాయి. లుంగీ కట్టుకుని ఎక్కొద్దనేది కూడా అందుకే.

ఒంటిమీద ఉండాల్సినవి లైఫ్ జాకెట్, దానికి కట్టిన విజిలు, గట్టి కవర్లో ఫోను, రెండో అగ్గిపెట్టె, తలకు కట్టుకునే లైటు. రాత్రి కరెంటుకు మోటరు వేయడానికి పోయే రైతులు వాడే లైటు చాలు. జాకెట్ కూర్చోవడానికి మెత్తగా ఉంటుందని కింద వేసుకునేవాళ్లను చూశాను. ఒడ్డు వదిలే ముందే తొడుక్కుని, పట్టీలన్నీ బిగించాలి.

ఈ వారం అభ్యాసం

ఒకటి. కంబళి మూట కట్టి, ఇంట్లో నీళ్ల తొట్టిలో వేసి అరగంట ముంచి పట్టుకోండి. మధ్యలో రెండుసార్లు తిప్పండి. తీసి తుడిచి విప్పండి. లోపలి కవర్లోకి చేయి పెట్టి కంబళి మూలలు తడమండి, చెమ్మ ముందు మూలల్లోనే తెలుస్తుంది. తడి తగిలితే మెలిక చాలలేదు, మళ్లీ కట్టండి.

రెండు. నలుగురూ కలిసి మేడ మీదో కళ్లంలోనో నిజంగా పడుకోబోతున్నట్టు పక్కలు పరిచి, సామాను విప్పండి. లైట్లన్నీ ఆర్పండి. పుట్టికి బదులు నేల మీద సున్నంతో ఆరడుగుల గుండ్రం గీసి ఉంచండి. ఒకరు "నీళ్లు" అని అరవాలి. అప్పట్నుంచి గడియారం చూడండి. మొదటిసారి మాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. మూడోసారికి తొమ్మిదికి వచ్చాం. పది దాటినంత కాలం ఏటికి బయల్దేరొద్దు. దాటినప్పుడు ఏ వస్తువు దగ్గర చెయ్యి ఆగిందో రాసుకుని, దాన్ని వేరే మూటలోకి మార్చి మళ్లీ చేయండి.

వచ్చే పాఠంలో పొద్దు గూకేలోపు చేయాల్సిన పనులు, పుట్టిని బోర్లించి గాలికి అడ్డం పెట్టుకోవడం, కందికట్టె ఎక్కడ గుచ్చాలనేది చూద్దాం.