మేడమీద జవాను ఇల్లాలు అద్దెకుంటే

మాది బెంగళూరులో హలసూరు. ఆర్మీ ఇంజినీర్ దళం మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ సెంటర్ పక్కనే. ఆ దళం జవాన్లను, అంటే మద్రాస్ సాపర్లను, ఇక్కడ తంబీలంటారు. మా మేడమీద పోర్షన్‌లో అలాంటి ఒక తంబీ భార్య, శ్రీకాకుళం అమ్మాయి, నాలుగేళ్ల కొడుకుతో ఉంటోంది. ఆయన హవల్దారు, లడాఖ్‌లో ఫీల్డ్ పోస్టింగ్, అంటే ఇల్లాలిని, పిల్లాణ్ని వెంట ఉంచుకునే వీల్లేని చోటు. మొదట్లో మెట్ల మీద కనిపించినప్పుడల్లా "ఎంత ధైర్యం తల్లీ నీకు!" అనేదాన్ని. తను నవ్వి, గ్యాస్ సిలిండర్‌ని ఇంకో మెట్టు పైకి లాగేది. అలా నాలుగైదుసార్లు అయితేగానీ నా బుర్ర వెలగలేదు.

ముందు సిలిండర్‌కి ఓ చెయ్యి వెయ్యండి, మెచ్చుకోలు తర్వాత. "ఏమైనా కావాలంటే అడుగమ్మా" అంటే ఆ పిల్ల చచ్చినా అడగదు. "సోమవారం, గురువారం బాబుని బడి నుంచి నేను తీసుకొస్తా" అని చెప్పేశాను. కుదిరింది.

ఇక ఆయనకి పంపే పార్సిల్ సంగతి. కొరియర్ వాళ్లు అక్కడికి చేర్చరు, పోస్టాఫీసే దిక్కు. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు), 9తో మొదలయ్యే పిన్‌కోడ్. అంతే. ఊరి పేరు రాయకూడదు. నేను తెలివిగా "లడాఖ్" అని కూడా రాస్తే, తను బ్లేడుతో గీకేసింది. ఆవకాయ పంపకండి, నూనె కారి గుడ్డంతా పాడవుతుంది. సున్నుండలు పంపితే చలికి నెయ్యి బిగుసుకుపోయి, రాయితో కొట్టుకుని తిన్నారట. కందిపొడి, కారప్పొడి బాగా చేరతాయి. ఒక్కడికే కదా అని పావుకిలో పంపకండి. డబ్బా మూత తీస్తే పదిమంది చేతులు పడతాయి.

ఇక ఫోను. బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. ఆయన ఏ నంబరు నుంచి చేస్తాడో తెలియదు కాబట్టి తను లోన్లు అమ్మేవాళ్ల ఫోన్లు కూడా ఎత్తుతుంది. మీరున్నప్పుడు ఆ ఫోన్ వస్తే మాట మధ్యలోనైనా లేచి వచ్చెయ్యండి. తర్వాత "ఎక్కడున్నాడట?" అని ఆరా తీయకండి.

టీవీలో సరిహద్దు వార్తలు వచ్చిన రోజు మరీ జాగ్రత్త. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది పోయినప్పుడు, తనది కొత్త పెళ్లి, ఆయన అప్పుడూ ఫీల్డ్‌లోనే. "మీ ఆయన బాగున్నాడా?" అని చుట్టాలు పొద్దుటి నుంచీ ఫోన్లు. లైను ఎప్పుడూ ఎంగేజ్‌లో ఉండి, రాత్రి పదకొండింటికి గానీ ఆయన ఫోన్ కలవలేదు. ప్రేమతో చేసినవే, ఏమంటాం. అలాంటి రోజు నేను చిక్కుడుకాయలు పట్టుకుని పైకెళ్లి, ఈనెలు తీస్తూ కూర్చుంటా. మాట్లాడితే వింటా.

ఆయన సెలవుకొస్తే సన్మానాలు, భోజనాల పిలుపులు పెట్టకండి. క్యారియర్ గుమ్మంలో పెట్టి దిగొచ్చెయ్యండి. మొన్న ఖాళీ క్యారియర్ ఇవ్వడానికి ఆయనే వచ్చాడు. కందిపొడిలో ఈసారి వెల్లుల్లి ఇంకాస్త వెయ్యమన్నాడు, తంబీలు అడిగారట.